మట్టి తేమ అర్థం చేసుకుని, కొలిచి, దాన్ని బట్టి నీళ్లు పెట్టడం ఎలా: స్టెప్ బై స్టెప్ గైడ్

పైన మట్టి తెల్లగా ఎండినట్టు కనిపించగానే నీళ్లు వదిలేస్తారు కొందరు, ఇంకొందరు నాలుగు రోజులకో తడి అని లెక్క పెట్టుకుని ఆ రోజు రాగానే మోటార్ ఆన్ చేసేస్తారు, రెండు పద్ధతుల్లోనూ వేర్లున్న చోట ఏం జరుగుతోందో చూసేవాళ్లు లేరు. పైన రెండు అంగుళాలు దుమ్ములా ఉన్నా జానెడు లోతుకి వెళ్తే మట్టి ముద్ద కట్టేంత చెమ్మ ఉండొచ్చు. దీనికి రివర్స్ కూడా అవుతుంది, చిన్న జల్లు పడి పైపైన తడిసి నల్లగా కనిపిస్తుంటుంది, కింద మొక్క బెట్టకొచ్చి ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పేదంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: వేర్లున్న లోతులో తేమ ఎంత ఉంది, అందులో మొక్క తాగగలిగేది ఎంత, అది రోజురోజుకీ ఎలా మారుతోంది. ఖరీదైన పరికరాలు లేకపోయినా వీటికి జవాబు దొరుకుతుంది, పార, చెయ్యి, ఒక తూకం మెషిన్ ఉంటే సగం పని అయిపోతుంది.

ముందు మట్టిలో నీళ్లు ఎలా ఉంటాయో చూద్దాం

మంచి మట్టి గడ్డ ఒకటి చేతిలోకి తీసుకుంటే అందులో దాదాపు సగమే గట్టి పదార్థం, మిగతా సగం ఖాళీలు. ఆ ఖాళీల్లో నీళ్లు, గాలి రెండూ ఉంటాయి, నీళ్లు పెరిగితే గాలి తగ్గాల్సిందే. వేరుకి రెండూ కావాలి కాబట్టి ఎక్కువ నీళ్లు కూడా మొక్కకి దెబ్బే.

పెద్ద వాన పడినా, బాగా తడి పెట్టినా ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతాయి, దీన్ని సాచురేషన్ అంటారు. తర్వాత పెద్ద పెద్ద ఖాళీల్లో ఉన్న నీళ్లు కిందికి దిగిపోతాయి, ఇసుక నేలలో ఒక రోజులో, బంక నేలలో రెండు మూడు రోజుల్లో ఈ దిగడం దాదాపు ఆగిపోతుంది. అప్పుడు మట్టి పట్టి ఉంచుకున్న నీళ్లే ఫీల్డ్ కెపాసిటీ. అక్కడి నుంచి మొక్క తాగుతూ ఎండ లాగుతూ తేమ తగ్గి తగ్గి ఒక దశకి వస్తుంది, మట్టిలో ఇంకా కాస్త తడి ఉంటుంది కానీ మొక్క ఎంత లాగినా రాదు, వాడిపోయిన ఆకు రాత్రంతా గడిచినా లేవదు. దీన్ని విల్టింగ్ పాయింట్ అంటారు. బ్రిగ్స్, షాంట్జ్ అనే శాస్త్రవేత్తలు 1912లోనే రకరకాల మొక్కల మీద దీన్ని కొలిచి, ఇది మొక్కని బట్టి మారేది తక్కువ, మట్టిని బట్టి మారేదే ఎక్కువ అని చూపించారు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తడి బట్ట పిండేటప్పుడు ముందు నీళ్లు ధారగా వస్తాయి, తర్వాత గట్టిగా మెలిపెడితే నాలుగు చుక్కలు, ఆ తర్వాత బట్ట తడిగానే ఉంటుంది కానీ చుక్క రాదు, వేరు మట్టిలోంచి నీళ్లు లాక్కోవడం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ లాగే బలాన్ని సెంటీబార్లలో కొలుస్తారు, ఒక సెంటీబార్ అంటే ఒక కిలోపాస్కల్. ఫీల్డ్ కెపాసిటీ దగ్గర ఇసుక నేలలో 10, మిగతా నేలల్లో 33 దాకా ఉంటుంది, విల్టింగ్ పాయింట్ దగ్గర లెక్క కోసం 1500 అని తీసుకుంటారు.

కాబట్టి తేమని రెండు రకాలుగా చెప్పొచ్చు, ఎంత ఉంది అని శాతంలో, ఎంత గట్టిగా లాగాలి అని సెంటీబార్లలో. శాతం పెరిగితే తడి పెరిగినట్టు, సెంటీబార్లు పెరిగితే మట్టి ఎండినట్టు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, మీటర్ ఏది కొలుస్తోందో తెలుసుకోకుండా రీడింగ్ చూడొద్దు.

స్టెప్ 1: మీ మట్టి ఏ రకమో తేల్చుకోండి

ఇది వదిలేసి నేరుగా సెన్సర్ కొనేస్తారు చాలామంది, కానీ మట్టి రకం తెలియకుండా ఆ నంబర్‌కి అర్థమే లేదు. సెన్సర్ 25 శాతం అని చూపించింది అనుకోండి. ఇసుక నేలలో ఫీల్డ్ కెపాసిటీ సుమారు 10 శాతం, విల్టింగ్ పాయింట్ 5, కాబట్టి అక్కడ 25 అంటే నీళ్లు కిందికి కారిపోతున్నాయి అని. గరప నేలలో, అంటే ఇసుక, ఒండ్రు, బంక కలిసిన నేలలో, ఫీల్డ్ కెపాసిటీ 28 దాకా, విల్టింగ్ పాయింట్ 14 దాకా ఉంటుంది, అక్కడ 25 అంటే మొక్క హాయిగా ఉంది. అదే బాగా బంకగా ఉన్న నేలలో ఫీల్డ్ కెపాసిటీ 42, విల్టింగ్ పాయింట్ 30 దాకా ఉంటుంది, అక్కడ 25 దగ్గర మొక్క ఎప్పుడో వాడిపోయి ఉంటుంది, మీరు మట్టి ముట్టుకుంటే మాత్రం చల్లగా తడిగానే తగులుతుంది. ఒకే నంబర్, మూడు పొలాల్లో మూడు పరిస్థితులు!

రకం తెలుసుకోవడానికి గుప్పెడు మట్టి తీసుకుని, రాళ్లు వేర్లు ఏరేసి, కొద్దికొద్దిగా నీళ్లు కలుపుతూ ముద్దలా పిసకండి. తర్వాత దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి బొటనవేలితో ముందుకి నెడుతూ పట్టీలా సాగదీయండి, అది తన బరువుకి తెగేదాకా వదలండి. ముద్దే కట్టకపోతే ఇసుక, ముద్ద కట్టి పట్టీ రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే గరప లాంటి నేల, రెండున్నర నుంచి ఐదు దాకా సాగితే బంక గరప, ఐదు దాటి సాగితే బంక నేల. చేతికి గరగర తగిలితే ఇసుక పాలు ఎక్కువ, పిండిలా మెత్తగా తగిలితే ఒండ్రు పాలు ఎక్కువ. పై మట్టితో ఆపేయకండి, అర మీటర్ లోతు నుంచి కూడా తీసి చేయండి, పైన గరప కింద బంక ఉన్న పొలాలు బోలెడు, అలాంటి చోట నీళ్లు ఆ పొర మీద నిలిచిపోతాయి. రాళ్లు ఎక్కువ ఉంటే ఆ మేరకి నీళ్ల లెక్క కూడా తగ్గించుకోవాలి, ఐదో వంతు రాళ్లైతే నీళ్లు పట్టడం కూడా ఐదో వంతు తగ్గుతుంది.

స్టెప్ 2: ఎంత నీళ్లు పట్టుద్దో, ఎంత ఖర్చయ్యాక తడి ఇవ్వాలో లెక్క

ఇది కాస్త ఓపికగా చదవండి, ఒక్కసారి అర్థమైతే ఇక ఎవరినీ అడగక్కర్లేదు. గరప నేల, ఫీల్డ్ కెపాసిటీ 28, విల్టింగ్ పాయింట్ 14, తేడా 14 శాతం. అంటే ఒక మీటర్ లోతు మట్టిలో మొక్కకి అందే నీళ్లు 140 మిల్లీమీటర్లు. వేర్లు 60 సెంటీమీటర్ల దాకా ఉన్నాయంటే 84 మిల్లీమీటర్లు. ఈ 84 మొత్తం అయిపోయేదాకా ఆగితే పంట పోయినట్టే, ఎందుకంటే చివరి నీళ్లు లాగడానికి మొక్క పడే కష్టం దిగుబడిలో కనిపిస్తుంది. అందుకే ఎంత వంతు ఖర్చయ్యేదాకా ఆగొచ్చో పంటని బట్టి ఒక హద్దు ఉంటుంది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్ల పట్టికలో ఉల్లికి 30 శాతం, టమాటాకి 40, వేరుశనగకి 50, మొక్కజొన్నకి 55, పత్తికి 65 అని ఉంటుంది. ఇవి పంట రోజుకి 5 మిల్లీమీటర్ల దాకా నీళ్లు వాడే వాతావరణానికి చెప్పినవి, ఎండ బాగా ముదిరితే ఈ హద్దుని ఇంకాస్త తగ్గించుకోవాలి.

టమాటా అయితే 84లో 40 శాతం, అంటే సుమారు 34 మిల్లీమీటర్లు. రోజుకి 5 చొప్పున వాడితే ఆరేడు రోజులకి ఒక తడి. సెన్సర్ మీద చూస్తే 28 నుంచి 22.4కి దిగినప్పుడు. ఒక మిల్లీమీటర్ అంటే చదరపు మీటర్‌కి ఒక లీటర్, ఎకరానికి 4,047 లీటర్లు, కాబట్టి 34 మిల్లీమీటర్లకి ఎకరానికి దాదాపు 1,37,600 లీటర్లు, దారిలో పోయేవి, ఆవిరయ్యేవి దీనికి అదనం. ఇదే లెక్క ఇసుక నేలకి వేయండి: తేడా 5 శాతమే, 60 సెంటీమీటర్లకి 30 మిల్లీమీటర్లు, అందులో 40 శాతం అంటే 12. రెండు రోజులు దాటితే తడి ఇవ్వాల్సిందే, పోనీ కదా అని ఒకేసారి 34 పోస్తే 22 వేర్ల కిందికి పోతుంది, దాంతో పాటు వేసిన నత్రజని ఎరువు కూడా. ఇసుక నేలలో కొంచెం కొంచెం తరచుగా అని పెద్దవాళ్లు చెప్పేది దీని వల్లే.

వేర్ల లోతు పుస్తకంలో చూసి రాసుకోవద్దు, ఒక మొక్క పక్కన గుంత తవ్వి చూడండి. కింద గట్టి పొర ఉంటే మీటర్ పోవాల్సిన వేరు అడుగు దగ్గరే ఆగిపోయి ఉంటుంది, అప్పుడు మీ లెక్క మొత్తం మారిపోతుంది.

స్టెప్ 3: చేత్తో చూడటం నేర్చుకోండి

ఎన్ని మెషిన్లు వచ్చినా ఇది రాకపోతే కష్టం, సెన్సర్ అబద్ధం చెప్తోందో నిజం చెప్తోందో పట్టించేది ఇదే. ఆగర్, అంటే నేలలోకి తిప్పుతూ దించి మట్టి తీసే పనిముట్టు, ఉంటే మంచిది, లేకపోతే సన్న పార చాలు. వేర్ల లోతులో మూడు చోట్ల నుంచి, ఉదాహరణకి 15, 30, 45 సెంటీమీటర్ల దగ్గర మట్టి తీసి, ఒక్కోదాన్ని గుప్పిట్లో పెట్టి గట్టిగా నొక్కండి.

గరప నేలలో ఫీల్డ్ కెపాసిటీ దగ్గర ఉంటే ముద్ద గట్టిగా కడుతుంది, నీళ్ల చుక్క రాదు కానీ చెయ్యి తెరిస్తే అరచేతి మీద తడి అచ్చు పడుతుంది. నీళ్లు బయటికి వచ్చి వేళ్ల మధ్య మెరిస్తే అది ఇంకా సాచురేషన్‌కి దగ్గర్లో ఉన్నట్టు. సగం ఖర్చయ్యాక ముద్ద కడుతుంది కానీ అచ్చు పడదు, ఒక జానెడు ఎత్తు నుంచి అరచేతిలోకి ఎగరేసి పడితే రెండు మూడు ముక్కలవుతుంది. ఇంకా ఎండితే నొక్కినా ముద్ద నిలవదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంది. ఇసుక నేలలో అయితే ఫీల్డ్ కెపాసిటీ దగ్గర కూడా ముద్ద బలహీనంగానే ఉంటుంది, సగానికి వచ్చేసరికి ముద్దే కట్టదు. బంక నేలలో పట్టీ సాగుతోందా లేదా అన్నది చూడండి, సులువుగా సాగితే తేమ బానే ఉంది, సాగదీస్తే పగుళ్లిచ్చి తెగిపోతుంటే తడి దగ్గర పడింది, గట్టి గడ్డలై వేలితో నలగకపోతే బాగా ఆలస్యం చేశారు.

నీళ్లు ఎంత లోతు దిగాయో చూడటానికి ఇంకో సులువు పద్ధతి ఉంది. తడి పెట్టిన మర్నాడు ఒక ఇనుప ఊచ, చివర కాస్త గుండ్రంగా ఉన్నది, నేలలోకి నొక్కండి. తడిసిన మట్టిలో జారినట్టు దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. పొలంలో పది చోట్ల గుచ్చితే ఎక్కడ నీళ్లు అందలేదో, ఎక్కడ ఎక్కువయ్యాయో అరగంటలో బయటపడుతుంది. రాళ్ల నేలలో, గట్టి పొర ఉన్న చోట ఇది మోసం చేస్తుంది, అక్కడ తవ్వి చూడటమే.

స్టెప్ 4: తూకంతో అసలు నంబర్ తెచ్చుకోండి

మిగతా పద్ధతులన్నీ అంచనాలు, ఇదొక్కటే నేరుగా కొలిచేది, ల్యాబుల్లో కూడా సెన్సర్లని దీనితోనే పోల్చి చూస్తారు. ఐదు సెంటీమీటర్ల వ్యాసం, ఐదు సెంటీమీటర్ల ఎత్తున్న సన్నటి లోహపు గొట్టం ముక్క ఒకటి తీసుకోండి, దాని ఘనపరిమాణం 98 ఘన సెంటీమీటర్లు. కావాల్సిన లోతు దాకా తవ్వి, మట్టిని నలపకుండా గొట్టాన్ని నిటారుగా దించి, చుట్టూ తవ్వి బయటికి తీసి, రెండు వైపులా కత్తితో సమంగా కోయండి. వెంటనే మూత ఉన్న డబ్బాలో వేసి తూకం వేయండి, దారిలో ఆరిపోతే కొలత పోయినట్టే. తర్వాత 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి మళ్లీ తూకం వేయండి.

డబ్బా, గొట్టం బరువులు తీసేశాక తడి మట్టి 153 గ్రాములు, ఎండాక 128 వచ్చిందనుకోండి. పోయిన నీళ్లు 25 గ్రాములు, అంటే 25 మిల్లీలీటర్లు, దాన్ని 98తో భాగిస్తే 25.5 శాతం, ఇదే ఘనపరిమాణం లెక్కన తేమ. 128ని 98తో భాగిస్తే 1.3 వస్తుంది, అది మీ మట్టి సాంద్రత, దీన్ని రాసి పెట్టుకోండి. పోయిన నీళ్లని ఎండిన మట్టి బరువుతో భాగిస్తే 19.5 శాతం వస్తుంది, అది బరువు లెక్కన తేమ. ఒకే మట్టికి రెండు శాతాలు వస్తాయి కాబట్టి ఎవరైనా శాతం చెప్తే ఏ లెక్కన అని అడగండి. ఎండలో ఆరబెడితే సరిపోదా అంటే సరిపోదు, గాలికి ఆరిన బంకమట్టిలో ఇంకా నీళ్లు మిగిలే ఉంటాయి.

స్టెప్ 5: టెన్షియోమీటర్, జిప్సం బ్లాక్

నా వరకు కూరగాయల పంటలకి మొదటి పరికరం టెన్షియోమీటరే. నీళ్లతో నింపిన గొట్టం, కింద సన్నటి రంధ్రాలున్న సిరామిక్ కప్పు, పైన వాక్యూమ్ గేజ్, అంతే. మట్టి ఎండేకొద్దీ కప్పులోంచి నీళ్లు లాగుతుంది, ఆ లాగుడు గేజ్ మీద కనిపిస్తుంది, అంటే వేరు పడే కష్టాన్నే ఇది కొలుస్తుంది. మట్టి రకం మారినా, ఉప్పు శాతం మారినా రీడింగ్ పెద్దగా తప్పదు. బ్యాటరీ కూడా అక్కర్లేదు.

పెట్టే ముందు కప్పుని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. గొట్టంలో పోసే నీళ్లు మరిగించి చల్లార్చినవి అయి ఉండాలి, మామూలు నీళ్లలో కరిగి ఉన్న గాలి తర్వాత బుడగలై రీడింగ్ పాడు చేస్తుంది. గొట్టం సైజుకి సరిపోయే రంధ్రం చేసి, అడుగున అదే మట్టితో చేసిన పల్చటి బురద కొంచెం పోసి, కప్పు ఆ బురదలో కూర్చునేలా నెట్టండి. పైన చుట్టూ మట్టి దట్టించి కొంచెం ఎత్తుగా పోయండి, లేకపోతే తడి పెట్టినప్పుడు నీళ్లు గొట్టం వెంబడి నేరుగా కప్పు దగ్గరికి దిగి అంతా తడిగా ఉందని చూపిస్తుంది. ఒకటి రెండు రోజులు వదిలేసి తర్వాత నుంచి నమ్మండి.

0 నుంచి 10 మధ్య ఉంటే మట్టి నీళ్లతో నిండి ఉంది, రోజుల తరబడి అక్కడే ఉంటే జాలు పట్టినట్టు. కూరగాయలకైతే ఇసుక నేలలో 20 నుంచి 30 మధ్య, గరపలో 30 నుంచి 50 మధ్య, బంక నేలలో 50, 60 దగ్గర తడి ఇవ్వడం మొదలుపెట్టి, తర్వాత పంటని చూసుకుంటూ సర్దుకోండి. గొట్టంలో నీళ్ల బరువు కూడా గేజ్ మీద పడుతుంది, 30 సెంటీమీటర్ల పొడవుకి 3 సెంటీబార్లు ఎక్కువ చూపిస్తుంది, లోతు పరికరాలకి అది తీసేసి చదవండి. 80 దాటాక కప్పులోకి గాలి దూరిపోయి గేజ్ సున్నాకి పడిపోతుంది, చూసేవాళ్లకి నేల నిండా తడి ఉన్నట్టు అనిపిస్తుంది కానీ నిజానికి మట్టి బాగా ఎండిపోయింది. సున్నా కనిపించినప్పుడల్లా గొట్టంలో నీళ్లు ఉన్నాయా లేదా చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకా పొడి దాకా వెళ్లే పంటలకి జిప్సం బ్లాకులు ఉన్నాయి, 1940లో బొయుకోస్, మిక్ అనేవాళ్లు తెచ్చిన పద్ధతి, రెండు ఎలక్ట్రోడ్లు జిప్సంలో పెట్టి వాటి మధ్య రెసిస్టెన్స్, అంటే కరెంటుకి ఎంత అడ్డు తగులుతోందో, కొలుస్తారు. తడి నేలలో అంత కచ్చితంగా ఉండవు, కొన్నాళ్లకి జిప్సం కరిగిపోతుంది. వీటి తర్వాత వచ్చిన గ్రాన్యులర్ మ్యాట్రిక్స్ సెన్సర్లు 200 సెంటీబార్ల దాకా చదువుతాయి, ఎక్కువ కాలం మన్నుతాయి, నానబెట్టి తడిగా ఉండగానే నేలలో పెట్టాలి.

స్టెప్ 6: ఎలక్ట్రానిక్ సెన్సర్లు, వాటి కాలిబ్రేషన్

వీటి వెనకున్న విషయం సింపుల్. ఒక పదార్థం విద్యుత్ క్షేత్రంలో ఎంత శక్తి పట్టి ఉంచుకోగలదో చెప్పే నంబర్‌ని డైఎలక్ట్రిక్ విలువ అంటారు, అది నీళ్లకి సుమారు 80, మట్టి రేణువులకి 3 నుంచి 5, గాలికి 1. ఇంత తేడా ఉండటం వల్ల మట్టి మొత్తం విలువ కొలిస్తే అందులో నీళ్లెన్నో తెలిసిపోతుంది. ఈ విలువని తేమ శాతంగా మార్చడానికి 1980లో టాప్ అనే శాస్త్రవేత్త, ఆయన టీమ్ ఇచ్చిన సమీకరణాన్ని చాలా సెన్సర్లలో ఇప్పటికీ వాడతారు, మామూలు ఖనిజ నేలల్లో బాగా పనిచేస్తుంది, సేంద్రియ పదార్థం బాగా ఎక్కువున్న నేలల్లో, బాగా బంక నేలల్లో తేడా వస్తుంది.

రెండు లోహపు కాళ్లుండే చవక రెసిస్టెన్స్ సెన్సర్లు మాత్రం వద్దనే చెప్తాను, కాళ్లు తుప్పు పట్టి కొద్ది వారాల్లో రీడింగ్ ఎటో పోతుంది, పైగా ఎరువు వేసిన రోజు నేల ఉన్నట్టుండి తడిసినట్టు చూపిస్తాయి. పైన చెప్పిన డైఎలక్ట్రిక్ విలువని బట్టి పనిచేసే కెపాసిటివ్ రకం కొంచెం నయం, కానీ బోర్డు అంచులూ, పైనున్న సర్క్యూట్ భాగమూ నీళ్లు తగలకుండా సీల్ చేసుకోవాలి. ఇంటర్నెట్లో దొరికే కోడ్‌లో సెన్సర్‌ని గాల్లో పెట్టి అది 0, గ్లాసు నీళ్లలో పెట్టి అది 100 అని పెట్టేస్తారు, ఆ శాతానికీ మట్టి తేమ శాతానికీ సంబంధం లేదు.

సరైన కాలిబ్రేషన్, అంటే సెన్సర్ రీడింగ్‌ని అసలు తేమతో సరిపోల్చుకోవడం, ఇలా చేయండి. మీ పొలం మట్టి స్టెప్ 4లో లాగే ఓవెన్‌లో ఎండబెట్టి నలిపి జల్లించి 2,600 గ్రాములు తూచుకోండి. ఒక బకెట్ లాంటి డబ్బాకి 2 లీటర్ల దగ్గర గీత పెట్టి, మట్టి మొత్తం ఆ గీత దాకా వచ్చేలా దట్టించండి, అప్పుడు సాంద్రత 1.3 అవుతుంది, మీ మట్టి సాంద్రత వేరైతే దానికి తగ్గట్టు బరువు మార్చుకోండి. సెన్సర్ గుచ్చి రీడింగ్ రాసుకోండి. మట్టి బయటికి తీసి 100 మిల్లీలీటర్ల నీళ్లు చల్లి సమంగా కలిపి మళ్లీ అదే గీత దాకా దట్టించండి, ఇది 5 శాతం. మళ్లీ 100, అది 10 శాతం, ఇలా 30, 35 దాకా వెళ్లి గ్రాఫ్ గీస్తే ఆ వంపు మీ సెన్సర్‌ది, మీ మట్టిది. ఒక పూట పని పడుతుంది కానీ దాని తర్వాత వచ్చే ప్రతి రీడింగ్‌కీ విలువ ఉంటుంది.

బిగించేటప్పుడు గాలి ఖాళీ రాకూడదు, ఇది చాలా ముఖ్యం, మిల్లీమీటర్ సందు ఉన్నా సెన్సర్ మట్టి బదులు గాలిని కొలుస్తుంది. గుంత తవ్వి, పక్క గోడలోకి, కదపని మట్టిలోకి అడ్డంగా గుచ్చి, తీసిన మట్టి తీసిన వరసలోనే పూడ్చండి. నల్లరేగడి లాంటి నేల ఎండి బిగిసినప్పుడు సెన్సర్ పక్కనే పగులు వస్తే రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుంది, వెంటనే మోటార్ ఆన్ చేయకుండా వెళ్లి చూడండి.

స్టెప్ 7: ఎక్కడ, ఎంత లోతులో

పొలం గట్టు పక్కన, పల్లంలో, చెట్టు నీడలో పెట్టొద్దు. ఎక్కువ భాగం ఎలా ఉందో అలాంటి చోట, ఆరోగ్యంగా ఉన్న మొక్కల వరసలో పెట్టండి. మట్టి రెండు రకాలుగా ఉంటే రెండు చోట్ల. డ్రిప్ ఉంటే డ్రిప్పర్‌కి 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో, సరిగ్గా కిందే పెడితే ఎప్పుడూ తడే చూపిస్తుంది.

లోతు విషయంలో ఒక్క చోటైనా రెండు లోతులు తప్పనిసరి, వేర్ల లోతులో మూడో వంతు దగ్గర ఒకటి, మూడింట రెండొంతుల దగ్గర ఇంకోటి. సాధారణంగా మొక్క తాగే నీళ్లలో 40 శాతం వేర్ల లోతులో పై పావు భాగం నుంచి, తర్వాత 30, 20, 10 శాతాలు కింది భాగాల నుంచి వస్తాయి. పై సెన్సర్ ఎప్పుడు తడి ఇవ్వాలో చెప్తుంది, కింది సెన్సర్ ఎంత ఇవ్వాలో చెప్తుంది. డబ్బులు తక్కువుండి రెండే కొనగలిగితే రెండు చోట్ల ఒక్కోటి పెట్టేకన్నా ఒకే చోట రెండు లోతుల్లో పెట్టమంటాను.

స్టెప్ 8: రీడింగ్‌ని కాదు, దాని నడకని చదవండి

చేత్తో చదివితే రోజూ తెల్లారగట్ల ఒకే టైమ్‌లో చదవండి, రాత్రంతా మొక్క తాగడం ఆగి ఉంటుంది కాబట్టి మట్టి కుదురుకుని ఉంటుంది, ఎండకి సెన్సర్ వేడెక్కి వచ్చే తేడా కూడా తప్పుతుంది. ముందు ఒక పని చేయండి, బాగా తడి పెట్టి, సెన్సర్ చుట్టూ కొంత మేర ప్లాస్టిక్ షీట్ కప్పి, ఇసుక నేలైతే ఒక రోజు, బంక నేలైతే మూడు రోజులు ఆగి రీడింగ్ రాసుకోండి. మీ పొలంలో ఫీల్డ్ కెపాసిటీ అదే, పట్టికల్లో నంబర్ల కంటే ఇది నమ్మదగినది.

గంట గంటకీ రికార్డు చేసే సెన్సర్ ఉంటే గ్రాఫ్ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది, పగలు దిగుతుంది, రాత్రి చదునుగా ఉంటుంది. మెట్లు కనిపిస్తున్నాయంటే వేర్లు ఆ లోతులో పని చేస్తున్నాయని. రాత్రి కూడా దిగుతూనే ఉంటే నీళ్లు ఇంకా కిందికి కారుతున్నాయి. ఎండ అదే ఎండ, కానీ మెట్టు ఎత్తు రోజురోజుకీ తగ్గుతోందంటే మొక్కకి నీళ్లు అందడం కష్టమవుతోంది, ఆకు చెప్పకముందే గ్రాఫ్ చెప్పేసింది. మెట్టు తగ్గడం మొదలైన ఆ రీడింగ్‌ని రాసుకోండి, వచ్చే తడి దానికి కొంచెం పైనే ఇవ్వాలి.

తడి పెట్టిన ప్రతిసారీ కింది సెన్సర్ కూడా ఎగిసి, తర్వాత రాత్రీ పగలూ దిగుతూ ఉంటే నీళ్లు ఎక్కువ పోస్తున్నారు, టైమ్ తగ్గించండి. కింది సెన్సర్ ఎప్పుడూ కదలకుండా వారాల తరబడి మెల్లగా ఎండుతూ పోతే నీళ్లు అక్కడికి చేరట్లేదు, వేర్లు పైపైనే ఉండిపోతాయి. పైదానికంటే కిందిది ముందు తడిస్తే పగులు వెంబడో గొట్టం వెంబడో నీళ్లు దిగుతున్నట్టు, మళ్లీ బిగించాలి. గీత ఎత్తులోనే చదునుగా ఉండిపోయి మొక్క పసుపు రంగుకి తిరుగుతుంటే జాలు పట్టింది. జాలు పట్టిన మొక్క కూడా వాడుతుంది, గాలి అందక వేరు పని చేయదు కాబట్టి, అది చూసి బెట్ట అనుకుని ఇంకో తడి ఇస్తే మొక్క చేతిలోంచి పోతుంది. అనుమానం వస్తే తవ్వండి, మట్టి బూడిద రంగులో ఉండి మురుగు వాసన వస్తే జాలే. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేచే మొక్క గురించి అంత కంగారు అక్కర్లేదు, తెల్లారాక కూడా తల వాల్చి ఉంటేనే నీళ్ల సమస్యో వేరు సమస్యో ఉన్నట్టు.

కుండీలకి, శాటిలైట్ డేటాకి రెండు మాటలు

కుండీలకి తూకమే బెస్ట్. బాగా నీళ్లు పోసి కారడం ఆగాక తూచండి, తర్వాత ఎన్ని గ్రాములు తగ్గితే అన్ని మిల్లీలీటర్ల నీళ్లు పోయినట్టే. కొన్నాళ్లకి ఎత్తి చూస్తేనే తెలిసిపోతుంది. అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయనుకుంటారు కానీ సన్న మట్టి నుంచి పెద్ద రాళ్లలోకి నీళ్లు తేలిగ్గా దిగవు, రాళ్ల పైన మట్టి నిండా తడిసేదాకా అక్కడే ఆగుతాయి, వేర్లకి చోటు తగ్గడం తప్ప లాభం లేదు.

శాటిలైట్ల విషయానికొస్తే యూరప్ వాళ్ల స్మోస్ 2009 నుంచి, నాసా స్మాప్ 2015 నుంచి భూమ్మీద తేమని కొలుస్తున్నాయి. అవి చూసేది పై 5 సెంటీమీటర్ల మట్టిని, అదీ పదుల కిలోమీటర్ల మేర సగటుగా. ఒక ప్రాంతం కరువు వైపు పోతోందా అని చూడటానికి చాలా విలువైన డేటా, మీ పొలంలో రేపు మోటార్ వేయాలా వద్దా అన్నదానికి మాత్రం పనికిరాదు.

నోట్‌బుక్, మెయింటెనెన్స్

తేదీ, పై రీడింగ్, కింది రీడింగ్, వాన, తడి ఎంత సేపు ఇచ్చారు, ఎరువు వేశారా, మొక్క ఎలా ఉంది, ఇవి ఒక్క లైన్‌లో రాయండి. ఎరువు కాలమ్ ఎందుకంటే డ్రిప్‌లో ఎరువు పంపిన తర్వాత కెపాసిటివ్ సెన్సర్ రీడింగ్ పెరిగినట్టు కనిపిస్తే అది నీళ్ల వల్లా ఉప్పు వల్లా అన్నది తర్వాత చూసుకోవచ్చు. నెలకోసారి సెన్సర్ పక్కనే మట్టి తీసి చేత్తో నొక్కి పోల్చండి, సీజన్‌కి ఒకసారి గొట్టం శాంపిల్‌తో తూకం వేసి పోల్చండి, రెండింటికీ మధ్య మూడు శాతం కంటే ఎక్కువ తేడా వస్తుంటే మళ్లీ కాలిబ్రేట్ చేయండి. టెన్షియోమీటర్‌లో నీళ్లు తగ్గితే నింపండి, గడ్డకట్టే చలి వచ్చే చోట శీతాకాలానికి ముందే పైకి తీసేయాలి, లోపల నీళ్లు గడ్డకడితే కప్పు పగిలిపోతుంది. ప్రతి సెన్సర్ దగ్గరా ఎత్తుగా ఒక జెండా పాతండి, కలుపు తీసేటప్పుడు ముందు తెగేది దాని వైరే.